పాత తుపాకి – కొత్త మర

వస్తువు ఎంత చిన్నదైతే దానిని అంత తేలికగా మరచిపోవడం మనిషి స్వభావం. కళ్లజోడు కమ్మిని పట్టి ఉంచే మర ఊడిపోయిననాడు గాని, అటువంటి మర ఒకటి అక్కడ ఉన్నదన్న సంగతి మనకు గుర్తుకు రాదు. కుట్టుమిషనులో సూదిని బిగించే మర సడలితే దర్జీ చేయి ఆగిపోతుంది. గడియారంలో నువ్వుగింజంత మర జారిపోతే ముల్లు కదలదు. పెద్దపెద్ద భాగాలు తమ పని తాము చేస్తున్నట్లు పైకి కనబడతాయి. వాటినన్నిటినీ ఒకచోట నిలిపి ఉంచేది మాత్రం ఎవరి కంటా పడని మర.

నేను ముప్పై సంవత్సరాలకు పైగా హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామికవాడలో లేత్ యంత్రం మీద పనిచేసినవాడిని. నా చేతి మీదుగా వేల సంఖ్యలో మరలు వెళ్లాయి. అవి ఏ యంత్రాలలోకి చేరాయో, ఎక్కడ తిరుగుతున్నాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఏనాడూ అనిపించలేదు. ఒకటి చెడిపోతే అటువంటిదే మరొకటి బజారులో దొరుకుతుంది. ఆ ధీమాయే నేటి పరిశ్రమకు పునాది. అయితే ఉద్యోగవిరమణ చేసిన తరువాత ఒక పాత తుపాకికి ఒకే ఒక్క మర చేసిపెట్టవలసివచ్చింది. జీవితమంతా చేసిన మరలు నేర్పని పాఠం ఆ ఒక్క మర నేర్పింది.

పాత తుపాకులకు మరలు దొరకవు. ఈ మాట వినగానే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఇనుపసామాను దుకాణంలో ఇన్ని రకాల మరలు కుప్పలుగా పోసి ఉండగా, వాటిలో ఒకటైనా సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే మరల చరిత్రను కొంచెం తెలుసుకోవాలి.

తెలుగులో మనం మరను 'మరమేకు' అని కూడ అంటాము. మేకు వంటిదే గాని చుట్లు కలిగినది అని ఆ మాటకు అర్థం. చిత్రమేమంటే, ఇంగ్లండులోని తుపాకి పనివారు కూడ తమ మరలను చాలాకాలం మేకులనీ, సూదులనీ అర్థం వచ్చే మాటలతోనే పిలిచారు. తుపాకి పక్కభాగంలో అడ్డంగా దూరి, లోపలి యంత్రాన్ని కర్రకు బిగించే మరకు వారి వాడుకలో 'సైడ్ నెయిల్' అని పేరు. అది నిజానికి చుట్లు ఉన్న మరే. ఎక్కడో సముద్రాల కావల ఉన్న పనివాడికీ మన పనివాడికీ ఒకే పోలిక తోచడం నాకు సంతోషం కలిగించింది.

మన దేశపు పాత ఒత్తి తుపాకులలో మరల పని చాలా తక్కువ. గొట్టాన్ని తోలుపట్టీలతోనో, లోహపు పట్టీలతోనో, తీగచుట్లతోనో కర్రకు కట్టేవారు. ఐరోపాలో మాత్రం పదహారవ శతాబ్ది నాటికే తుపాకి పేల్చే యంత్రభాగంలో మరలు ప్రవేశించాయి. ఆ భాగాన్ని లాక్ అంటారు. చెకుముకిరాయి తుపాకి వచ్చేసరికి లాకులో స్ప్రింగులు, మీటలు, వాటిని పట్టి ఉంచే మరలు పెరిగాయి. ఒక్కొక్క మర ఒక్కొక్క పొడవు, ఒక్కొక్క లావు. వీటిని ఎవరు చేసేవారు? ఏ కొలతతో చేసేవారు?

ప్రతి పనివాడి దగ్గర ఒక ఉక్కుపలక ఉండేది. దానిలో చిన్నవి, పెద్దవి రంధ్రాలు, ఆ రంధ్రాలలో చుట్లు ఉండేవి. మెత్తని ఇనుపకడ్డీని రంధ్రంలో పెట్టి బలంగా తిప్పితే కడ్డీ మీద చుట్లు పడేవి. ఆ పలకే అతనికి కొలత, అదే ప్రమాణం. పక్కవీథిలోని పనివాడి పలక వేరు, అతని చుట్లు వేరు. పలక అరిగిపోతే చుట్లు కూడ మారేవి. అందువల్ల ఒక తుపాకి మర మరొక తుపాకిలో ఎక్కకపోవడం ఆ కాలంలో వింత కాదు, సహజం. లాకును విప్పినప్పుడు ఏ మర ఏ రంధ్రానిదో మరచిపోకుండా పనివాళ్లు మర మీద ఆకురాయితో ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు గీసి ఉంచేవారు. వందల ఏళ్ల తరువాత లాకు విప్పితే ఆ గీతలు అలాగే కనబడతాయి. పేరు లేని పనివాడి సంతకాలు అవే.

ఈ గందరగోళాన్ని మొదట గట్టిగా ఎదుర్కొన్నవారిలో హెన్రీ మాడ్స్‌లే ఒకడు. 1800 ప్రాంతంలో లండన్‌లో అతడు కచ్చితమైన చుట్లను కోసే లేత్ యంత్రాన్ని రూపొందించాడు. అతని దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ మరొక అడుగు ముందుకు వేశాడు. ఇంగ్లండులోని అనేక కర్మాగారాల నుంచి మరలను తెప్పించి, కొలిచి, సగటులు తీసి, 1841లో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. ఇంత లావు మరకు అంగుళానికి ఇన్ని చుట్లు ఉండాలి, చుట్టు అంచుల మధ్య కోణం 55 డిగ్రీలు ఉండాలి అన్నది దాని సారాంశం. అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో వేరొక ప్రమాణాన్ని ప్రవేశపెట్టాడు. నేడు మనం వాడే మెట్రిక్ మరలకు కూడ 60 డిగ్రీల కోణమే.

కోణం మాట అటుంచి, చుట్ల మధ్య దూరం ఒక్కటే ఎంత చిక్కు తెస్తుందో చూడండి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్క్రూగేజిని తిప్పిన ప్రతి విద్యార్థికీ పిచ్ అంటే తెలుసు. మరను ఒక పూర్తి చుట్టు తిప్పితే అది ఎంత ముందుకు సాగుతుందో ఆ దూరమే పిచ్. అంగుళానికి 26 చుట్లు ఉన్న మర పిచ్ సుమారు 0.977 మిల్లీమీటర్లు. దానికి దగ్గరగా ఉన్న మెట్రిక్ మర పిచ్ 1 మిల్లీమీటరు. తేడా కేవలం 0.023 మిల్లీమీటర్లు. తల వెంట్రుక మందం కంటె తక్కువ. అయినా చుట్టు చుట్టుకూ ఆ తేడా కూడుకొంటూ పోతుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి మిల్లీమీటరులో దాదాపు పదోవంతు అవుతుంది. మొదటి రెండు చుట్లు హాయిగా తిరిగిన మర అక్కడ బిగుసుకొంటుంది. పనివాడు సరిపోయిందని భ్రమపడి ఇంకొంచెం బలం ఉపయోగిస్తాడు. అప్పుడు కొత్త మర గట్టి ఉక్కు కనుక అది చెక్కుచెదరదు. రంధ్రంలోని పాత మెత్తని చుట్లే చితికిపోతాయి. బలవంతుడు నిలిచి, ముసలివాడు నలిగిపోవడం మరలలో కూడ ఉన్నది.

ఇక నేను చెప్పదలచిన తుపాకి సంగతి. అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకి. ఈ పేరు చరిత్ర పాఠంలో అందరూ చదివినదే. 1857లో సిపాయిల ఆగ్రహానికి ఒక కారణమైన కొవ్వు పూసిన తూటాలు ఈ తుపాకి కోసం వచ్చినవే. దాని గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం. గొట్టం లోపల మెలిక తిరిగిన మూడు గాళ్లు ఉంటాయి. మూడు ఇనుప పట్టీలు గొట్టాన్ని కర్రకు పట్టి ఉంచుతాయి. లాకును మాత్రం ఎడమవైపు నుంచి కర్రగుండా దూరివచ్చే రెండు మరలు బిగించి ఉంచుతాయి. వాటి కొనలు కుడివైపున ఉన్న లాకు ఫలకంలోని రంధ్రాలలో తిరిగి ఆగుతాయి.

ఒక ప్రదర్శనశాలవారు ఈ తుపాకిని నాకు చూపించారు. లాకు ఫలకం మీద కిరీటం గుర్తు, 1856 సంవత్సరం, టవర్ అన్న మాట చెక్కి ఉన్నాయి. అది ఇక పేలదు. దానిని పేల్చే ఉద్దేశమూ ఎవరికీ లేదు. నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులను 1972 నాటి చట్టం పురావస్తువులుగా పరిగణిస్తుంది. వారి బాధ ఒక్కటే. లాకును పట్టే రెండు మరలలో ముందుది పోయింది. దాంతో లాకు ఒకవైపుకు వాలి, కర్ర అంచును నొక్కి పగులగొడుతున్నది. వెనుక మర స్థానంలో ఎప్పుడో, ఎవరో బజారు మర బిగించారు. నాలుగు రోజులలో ప్రదర్శన ప్రారంభం కావలసి ఉన్నది.

నేను లాకును విప్పి చూశాను. వెనుక రంధ్రాన్ని చూడగానే ప్రాణం ఉసూరుమన్నది. ఆ బజారు మర ఎక్కడం కోసం పాత రంధ్రాన్ని బరమాతో పెద్దది చేసి, దానిలో కొత్త చుట్లు కోశారు. 1856లో ఏ పనివాడో కోసిన చుట్లలో ఒక్కటి కూడ మిగలలేదు. చెప్పుకు తగినట్లు కాలు కోయడమంటే ఇదే. చేసినవారు దురుద్దేశంతో చేసి ఉండరు. పని త్వరగా ముగించాలనుకొని ఉంటారు. కాని అక్కడ ఏమి ఉండేదో ఇక ఎవరూ ఏనాటికీ చెప్పలేరు.

ముందు రంధ్రం మాత్రం మురికితో, ఎండిన నూనెతో పూడిపోయి ఉన్నది. దానిని కిరసనాయిలులో నానబెట్టి, కొయ్యపుల్లతో మెల్లగా శుభ్రం చేశాను. ఇనుపసూది వాడలేదు. మురికి తొలగగానే భూతద్దంలో పాత చుట్లు కనబడ్డాయి. అంచులు కొంచెం గుండ్రబడ్డాయి గాని చెక్కుచెదరలేదు.

అక్కడి యువ సాంకేతిక సహాయకుడు నా పక్కనే నిలబడి చూస్తున్నాడు. చురుకైనవాడు, పని తెలిసినవాడు.

"మేస్త్రీగారూ, ఈ రంధ్రంలో కూడ మెట్రిక్ ట్యాపు తిప్పితే రెండు నిమిషాల పని కదండీ! మర తల పాతదానిలా కనబడితే చాలు. అద్దాల పెట్టెలో పెట్టే వస్తువుకు లోపలి చుట్లు ఎవరు చూడవస్తారు?" అన్నాడు.

"ఎవరూ చూడకపోవచ్చు, నాయనా! కాని ఇందులో ఏమి రాసి ఉన్నదో చదవకముందే చెరిపివేయడం ఎట్లా?" అన్నాను.

అతనికి నా మాట అతిశయోక్తిగా తోచింది. రంధ్రంలో రాత ఏమిటని నవ్వాడు. ఆ ప్రదర్శనశాలలోనే అటువంటి ఎన్‌ఫీల్డ్ మరొకటి ఉన్నది. దాని లాకు మీద కూడ అదే కిరీటం, అదే టవర్ అన్న మాట. రెండు తుపాకులను పక్కపక్కన ఉంచితే కవలపిల్లలవలె ఉన్నాయి. అధికారి అనుమతితో రెండవ తుపాకి ముందు మరను విప్పించి, మొదటి తుపాకి రంధ్రంలో వేలికొనలతో మాత్రమే తిప్పి చూడమన్నాను. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. అతడు ముఖం చిట్లించి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"ఒకే నమూనా కదండీ, ఎందుకు పట్టదు?" అని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను.

తుపాకి భాగాలన్నీ ఒకదానికొకటి మార్చుకోదగినట్లు ఉండాలన్న ఆలోచన అప్పటికే పాతది. ఫ్రాన్సులో ఆనొరే బ్లాఁ అనే తుపాకి నిర్మాత 1785లో యాభై లాకుల భాగాలను విడదీసి అరలలో పెట్టి చూపించాడు. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ చేతికి వచ్చిన ముక్కలను తీసుకొని స్వయంగా కొన్ని లాకులను కూర్చి, అవి చక్కగా కుదిరినందుకు ఆశ్చర్యపడి తన దేశానికి ఉత్తరం రాశాడు. ఆ ఆలోచన అమెరికా ప్రభుత్వ ఆయుధశాలలలో అనేక సంవత్సరాల కృషితో యంత్రరూపం ధరించింది. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో అమెరికా తుపాకులను చూసిన ఆంగ్లేయులు 1854లో ఒక బృందాన్ని అమెరికా పంపారు. అక్కడి నుంచి యంత్రాలను తెప్పించి ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో నెలకొల్పారు. 1850ల చివరి నుంచి అక్కడ తయారైన తుపాకుల భాగాలు ఒకదానిలోవి మరొకదానిలో ఇమిడాయి.

మా ఎదుట ఉన్నవి 1856 నాటివి. పేరుకు ఎన్‌ఫీల్డ్ తుపాకులే అయినా, అవి ఆ యంత్రాలమీద పుట్టినవి కావు. టవర్ గుర్తు వేసుకొన్న ఇటువంటి తుపాకుల భాగాలను బర్మింగ్‌హామ్ వంటి పట్టణాలలో గుత్తేదారుల కింద చేతిపనివారు తయారుచేశారు. ఒకరు గొట్టాలు చేసేవారు, ఒకరు లాకులు చేసేవారు, ఒకరు కర్రను చెక్కేవారు. భాగాలన్నిటినీ ఆకురాయితో రాస్తూ ఒకదానికొకటి కుదిర్చి మరలు బిగించే పని మరొకరిది. కనుక ఒక తుపాకి మర మరొక తుపాకిలో ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోవడం లోపం కాదు, సాక్ష్యం. యంత్రం ఇంకా రాని కాలపు చివరి రోజులలో మనిషి చేయి ఈ లోహాన్ని తాకిందని చెప్పే సాక్ష్యం.

"ఈ రంధ్రంలో ట్యాపు తిప్పితే ఆ సాక్షి నోరు మూసినట్లే" అన్నాను. సహాయకుడు ఏమీ మాట్లాడలేదు. వెనుక రంధ్రం వైపు ఒకసారి చూశాడు. ఆ తరువాత రెండు నిమిషాల పని అన్న మాట అతని నోట మళ్లీ రాలేదు.

అధికారిగారి ఇబ్బంది వేరు. ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయి. గోడమీద తుపాకి స్థానం కూడ నిర్ణయమైపోయింది. "మేస్త్రీగారూ, మీరు చెప్పినది కాదనను. కాని నాలుగు రోజులలో కాదా?" అని అడిగారు. కాదని చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నిదానంగానే చేయండి" అన్నారు. ప్రదర్శన ప్రారంభమైన రోజున ఆ స్థానం ఖాళీగానే ఉన్నది. పెద్దమనుషులు వచ్చినప్పుడు ఖాళీ గోడకు సమాధానం చెప్పవలసినది ఆయనే. పని తొందర ఎరిగి కూడ ఆగగలిగిన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

ఇక మర తయారీ. పోయిన మరను చూడకుండా దానివంటి మరను చేయడమెట్లా? కాలిగుర్తును బట్టి పాదాన్ని ఊహించినట్లు, రంధ్రాన్ని బట్టి మరను తెలుసుకోవాలి. పళ్ల అచ్చు తీయడానికి దంతవైద్యులు వాడే సిలికాన్ రబ్బరు ముద్దను రంధ్రంలో నింపి, గట్టిపడిన తరువాత మరను విప్పినట్లే తిప్పి బయటకు తీశాను. రంధ్రంలోని ప్రతి చుట్టూ ఆ అచ్చు మీద దిగింది. దాని వ్యాసం కొలిచాను. చుట్లను లెక్కించాను. విట్‌వర్త్ కొలతలకు చేసిన పిచ్ గేజి ఆకులను ఒకటొకటిగా ఆనించి చూశాను. ఏ ఆకు ఆనించినా పళ్ల మధ్య సన్నని వెలుగు కనబడుతూనే ఉన్నది. మెట్రిక్ ఆకులతో కూడ అదే ఫలితం. అది ఏ పట్టికకూ చెందని మర. దానిని చేసినవాడి ఉక్కుపలకే దానికి పట్టిక.

ఇటువంటి చుట్లను బజారులో దొరికే డైతో కోయడం కుదరదు. లేత్ మీద ఒకే కొన ఉన్న పనిముట్టుతో కోయవలసిందే. లేత్‌లో లీడ్ స్క్రూ అనే పొడవైన మర పనిముట్టును ముందుకు నడుపుతుంది. కడ్డీ తిరిగే వేగానికీ, లీడ్ స్క్రూ తిరిగే వేగానికీ గల నిష్పత్తిని పళ్లచక్రాలు నిర్ణయిస్తాయి. చక్రాలను మారిస్తే పిచ్ మారుతుంది. కావలసిన నిష్పత్తికి అతిదగ్గరగా వచ్చే చక్రాల జత కోసం ఒక సాయంత్రమంతా కాగితం మీద లెక్కలు వేశాను. పనిముట్టు కొనను సిలికాన్ అచ్చు మీది చుట్టు ఆకారానికి సరిపోయేలా సానరాయి మీద పట్టాను.

మొదటి మరను ఉక్కుతో చేయలేదు, ఇత్తడితో చేశాను. కొలతలో లేశమాత్రం తేడా ఉన్నా ఇత్తడే అరుగుతుంది గాని పాత ఇనుముకు హాని కలగదు. ఆ ఇత్తడి మరను ఆముదపు దీపం మీద పట్టి మసి పట్టించాను. రంధ్రంలో వేలితో తిప్పి, మరల విప్పి చూస్తే, ఎక్కడ ఒరుసుకొన్నదో అక్కడ మసి చెరిగి లోహం మెరిసింది. ఇది తుపాకి పనివారు తరతరాలుగా వాడిన పద్ధతి. మసి చెప్పిన చోట లేత్ మీద ఒక పొర తీయాలి. మళ్లీ మసి పట్టాలి, మళ్లీ తిప్పి చూడాలి. మసి అన్ని చుట్లమీదా ఒకే తీరున చెరిగిన తరువాత, ఆ కొలతలతో మెత్తని ఉక్కుమీద అసలు మరను కోశాను.

తల విషయంలో రెండవ తుపాకి ఆధారమయింది. దాని తల వంపునూ, వెడల్పునూ కొలిచి అలాగే తీర్చాను. తలమీద స్క్రూడ్రైవరు ఆనే గాడిని మాత్రం చాలా సన్నగా కోయవలసివచ్చింది. పాత తుపాకి మరల గాళ్లు నేటి మరల గాళ్లకంటె సన్నగా ఉంటాయి. వాటిలో పట్టని స్క్రూడ్రైవరును పెట్టి తిప్పడం వల్లనే ఎన్నో పాత మరల తలలు చెక్కుకుపోయాయి. కనుక ఆ గాడికి సరిగ్గా ఇమిడే స్క్రూడ్రైవరును కూడ ఒకటి అరగదీసి, మరతోపాటే వారికి ఇచ్చాను.

చివరకు రంగు. నునుపు చేసిన ఉక్కును మెల్లగా వేడిచేస్తే దానిమీద రంగులు వరుసగా పుడతాయి. సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డిరంగు, 280 దగ్గర వంకాయరంగు, 300 దగ్గరకు వచ్చేసరికి నెమలికంఠపు నీలం. వేడి ఇంకొంచెం మీరితే ఆ నీలం వెలసి బూడిదరంగులోకి దిగిపోతుంది. ఇసుక నింపిన పళ్లెంలో మరను పెట్టి పొయ్యిమీద వేడిచేస్తూ, నీలం విచ్చుకొన్న క్షణంలో తీసి నూనెలో వేశాను. కొత్త మెరుపు అణిగి, పక్కనున్న పాత లోహంతో కలిసిపోయింది.

ఇంతవరకు వచ్చిన తరువాత సహాయకుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "ఇప్పుడిది అచ్చం పాతదానిలాగే ఉన్నది. రేపు ఎవరైనా దీనిని 1856 నాటిదే అనుకొంటే అది మోసం కాదా?" అన్నాడు. వారం రోజుల కిందట చుట్లు ఎవరు చూడవస్తారన్న కుర్రవాడు అడిగిన ప్రశ్న అది. నాకు ఎంతో ముచ్చట కలిగింది. మర తల అడుగుభాగాన, కర్ర లోపలికి వెళ్లి కనబడకుండా ఉండే చోట, చేసిన సంవత్సరాన్ని చిన్న అంకెలతో గుద్దాను. పాత పనివాడు గీతలు గీసుకొన్నట్లే ఇదీ ఒక గుర్తు. పైకి చూసేవారి కంటికి తుపాకి నిండుగా కనబడుతుంది. విప్పి పరిశీలించే పండితుడికి ఏది పాతదో, ఏది కొత్తదో నిజం తెలుస్తుంది. అతని చేతనే ఆ అంకెలు గుద్దించాను.

వెనుక రంధ్రాన్ని ఏమి చేయాలన్న చర్చ కూడ వచ్చింది. దానిని పూడ్చి, మళ్లీ చిన్న రంధ్రం వేసి, ముందు మరకు జతగా మరొకటి చేయవచ్చు. చూపుకు బాగుంటుంది. కాని పూడ్చాలంటే మిగిలిన పాత లోహాన్ని ఇంకొంత తొలచివేయాలి. అంతచేసినా అక్కడ వచ్చేవి పాత చుట్లు కావు, మా ఊహ మాత్రమే. అందుచేత ఆ బజారు మరను అలాగే ఉంచి, దాని సంగతి రికార్డు పుస్తకంలో రాయమని సలహా ఇచ్చాను. అధికారిగారు అంగీకరించారు. ఒకనాటి తొందర కూడ ఆ తుపాకి చరిత్రలో ఒక భాగమైపోయింది. దానిని దాచడం కంటె చెప్పడమే మేలు.

మొత్తం పదకొండు రోజులు పట్టింది. మరను రంధ్రంలో పెట్టి వేలితో తిప్పితే అది ఎక్కడా ఆగకుండా లోపలికి సాగి, చివరి పావుచుట్టు మాత్రం స్క్రూడ్రైవరును కోరింది. లాకు కర్రమీద సమంగా కూర్చొన్నది. పగులు ఇక పెరగదు.

తుపాకి హింసకు సాధనం కదా, దానిమీద ఇంత శ్రద్ధ అవసరమా అని నన్ను కొందరు అడిగారు. అడగదగిన ప్రశ్నే. నేను శ్రద్ధ చూపినది దాని హింస మీద కాదు. ఆ తుపాకి ఒక సామ్రాజ్యపు అధికారానికి గుర్తు. దానికి ఎదురు తిరిగిన సిపాయిల ఆగ్రహానికీ గుర్తు. ఎక్కడో ఒక ఊరిలో, రోజుకూలి కోసం ఆకురాయి పట్టి దాని చుట్లను కుదిర్చిన అనామకుడి నైపుణ్యానికి కూడ గుర్తు. మొదటి రెండింటిని గురించి పుస్తకాలు ఉన్నాయి. మూడవవాడిని గురించి చెప్పడానికి ఆ రంధ్రంలోని ఆరేడు చుట్లు తప్ప మరేమీ లేదు. ఆ ఒక్క ఆధారాన్ని కూడ రెండు నిమిషాల సౌకర్యం కోసం తుడిచివేయడం న్యాయం కాదు.

పాతదానిని బాగుచేయడంలో రెండు మార్గాలు ఉన్నాయి. మన దగ్గర ఉన్న మరకు సరిపోయేలా పాత రంధ్రాన్ని మార్చడం ఒకటి. పాత రంధ్రానికి సరిపోయేలా మన మరను మలచడం రెండవది. మొదటిది సులభం, త్వరితం. పైకి రెండింటి ఫలితమూ ఒకటే అనిపిస్తుంది. కాని మొదటి మార్గంలో పోయినది తిరిగి రాదు. రెండవ మార్గంలో మన పని నచ్చకపోతే రేపటివారు మన మరను విప్పి అవతల పెట్టి, ఇంతకంటె మంచిదానిని చేసుకోవచ్చు. పాత ఇళ్లను, పాత గ్రంథాలను, పాత శిల్పాలను బాగుచేసేవారు కూడ ఈ నియమాన్నే పాటిస్తారని తరువాత తెలుసుకొన్నాను. తరువాతివారికి మరను విప్పే అవకాశం మిగల్చడమే మంచి మరమ్మతు.